మూడో తరగతి పిల్లలు వేదికపై పద్యం మరిచిపోకుండా ఏం చేయాలి?

ప్రశ్న: ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి మా పిల్లల చేత వేమన పద్యాలు చెప్పించాలనుకుంటున్నాను. తరగతిలో గడగడా అప్పజెప్పేవారే మైకు ముందు రెండో పాదం దగ్గర ఆగిపోతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు 1: ముందు అర్థం చెప్పి, తరువాత గణానికొక (పాదంలోని ఒక్కో లయ ముక్కకొక) చప్పట్టు కొట్టించండి. వేమన పద్యాలు ఎక్కువగా ఉండే ఆటవెలది అనే ఛందస్సులో రెండో పాదానికి సూర్యగణాలనే ఐదు చిన్న గణాలుంటాయి కనుక ‘ఉప్పు కప్పురంబు’ పద్యంలోని ‘చూడ – చూడ – రుచుల – జాడ – వేరు’ ఐదు చప్పట్లకు సరిపోతుంది. పైగా చూడ, జాడలకు ప్రాసయతి (రెండో అక్షరం కలవడం) కుదరడం వల్ల మొదటి మాటే రెండోదాన్ని లాక్కొస్తుంది.

జవాబు 2: ‘విశ్వదాభిరామ వినుర వేమ’ అనే చివరి పాదం, అంటే మకుటం, అందరికీ వచ్చు కాబట్టి నేను మూడో పాదం నుంచి వెనక్కి నేర్పిస్తాను. అప్పుడు పిల్లలు చెబుతున్నకొద్దీ బాగా తెలిసిన చోటికే చేరుతారు.

జవాబు 3: రాగం కోసం పట్టుబట్టకండి. మైకును మాత్రం గడ్డం ఎత్తుకు దించండి. మా బడిలో ఒక పాప మునివేళ్లపై నిలబడే తంటాలోనే పద్యం మరిచిపోయింది.