పాత సూపర్‌హీరోల్ని మార్చేసినప్పుడు ఏది నిలుస్తుంది, ఏది వెనక్కొస్తుంది? ముందే పసిగట్టడం ఎలా?

పాత_కేప్ (ప్రశ్న):
1987లో అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 21వ యాన్యువల్‌లో పీటర్‌కీ మేరీ జేన్‌కీ పెళ్లి చేశారు. ఇరవై ఏళ్లు కాపురం చేయించారు. 2007లో 'వన్ మోర్ డే' అని నాలుగు భాగాలు వేసి, మెఫిస్టో అనే దయ్యంతో బేరం పెట్టించి, అసలు ఆ పెళ్లే జరగలేదన్నారు. సూపర్‌మ్యాన్‌కీ అంతే. 1996లో లోయిస్‌తో పెళ్లి, 2011లో డీసీ సంస్థ పుస్తకాలన్నీ ఒకటో సంచికతో మళ్లీ మొదలుపెట్టి 'న్యూ 52' అనగానే అదీ గోవిందా. చివరికి ఎర్ర చెడ్డీ కూడా పీకేశారు.

హీరో మారకూడదని ఎవరూ అనరు. మనం చదివిన ఇరవై ఏళ్లూ లెక్కలోకి రావంటేనే ఒళ్లు మండుతుంది. అడిగేది మూడే. కొత్త మార్పు ఉండేదో పోయేదో చెప్పే గుర్తులున్నాయా? చెరిపేసిన కథల్ని ఇప్పుడు ఏ లెక్కన చదవాలి? మన గోడు ప్రచురణకర్తకి వినపడే దారేమిటి? 'కాలంతో పాటు మీరూ మారండి' అనే సలహా మాత్రం దయచేసి వద్దు.

ఇంకుమరక:
ముందు అది ఏ రకం మార్పో తేల్చుకోండి. ముసుగు ఒకరి నుంచి ఇంకొకరికి పోవడం వేరు, గతాన్ని తిరగరాయడం వేరు. మొదటిదానికి కోప్పడటం దాదాపు దండగ. 1983లో టోనీ స్టార్క్ తాగుడులో పడితే స్నేహితుడు రోడీ ఐరన్‌మ్యాన్ అయ్యాడు, టోనీ తిరిగొచ్చాడు. 1987లో కెప్టెన్ అమెరికా 333వ సంచికలో డాలు జాన్ వాకర్‌కి ఇచ్చారు, 350కల్లా అది అసలు కెప్టెన్ స్టీవ్ రోజర్స్ చేతికే వచ్చింది. 1993లో బేన్ అనే విలన్ బ్యాట్‌మ్యాన్ నడుం విరిచాక జాన్ పాల్ వ్యాలీ ఆ ముసుగు వేసుకున్నాడు, అదీ ఎక్కువ కాలం నిలవలేదు.

గుర్తు ఒకటే: అసలు మనిషి అదే పుస్తకంలో ఎక్కడో ఒకచోట మసులుతూ ఉంటాడు. 2013లో విలన్ డాక్టర్ ఆక్టోపస్ పీటర్ ఒంట్లో దూరిన 'సుపీరియర్ స్పైడర్‌మ్యాన్' చూడండి. మొదటి సంచిక చివర్లోనే, ఆక్ ఎత్తిన చేతిని పీటర్ ఛాయ ఆపుతుంది. అంటే వెనక్కి వచ్చే తలుపు రచయిత తీసే ఉంచాడన్నమాట. 2014లో పీటర్ వచ్చేశాడు.

ఇంకా పెద్ద ఉదాహరణ 2016 మే నెలది. స్టీవ్ రోజర్స్ నోట 'హెయిల్ హైడ్రా' (అతని శత్రు ముఠాకి జై) అనిపించారు, గగ్గోలు పుట్టింది. రెండో సంచికలోనే అసలు సంగతి చెప్పేశారు: కోబిక్ అనే పిల్ల (వాస్తవాన్నే మార్చే కాస్మిక్ క్యూబ్‌కి మనిషి రూపం) అతని గతాన్ని మార్చేసింది. క్యూబ్ చేసింది క్యూబే సరిచేయగలదు. 2017 ఆగస్టులో 'సీక్రెట్ ఎంపైర్' పదో సంచికతో అసలు స్టీవ్ వచ్చాడు. కథలో మంత్రం, క్యూబ్, క్లోన్, ఒళ్లు మార్చుకోవడం లాంటివి కారణంగా చూపిస్తే ఆ మార్పుకి గడువు ఉందనే అర్థం.

అయితే గడువు ఎంతో చెప్పలేం. ఫ్లాష్‌గా ఉన్న బారీ ఆలెన్ 1985లో 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' ఎనిమిదో సంచికలో చనిపోతే 2008 దాకా రాలేదు. మధ్యలో ఫ్లాష్ అంటే అతని తర్వాత ముసుగేసుకున్న వాలీ వెస్టే అనుకునే తరం ఒకటి తయారైంది. బారీ రాగానే ఈసారి వాళ్లు గొడవపడ్డారు!

గట్టర్_గీత:
ఇంకుమరక చెప్పింది ముసుగుల సంగతి. నిజంగా నెత్తిన పడేది రెండో రకం, ఎందుకంటే అక్కడ కథలో తలుపంటూ ఏదీ ఉండదు. బ్యాట్‌మ్యాన్ సహాయకుల్లో రెండో రాబిన్ జేసన్ టాడ్‌ని దగ్గరగా చూస్తే ఎలా చెడుతుందో తెలుస్తుంది. 1983లో వచ్చిన జేసన్ సర్కస్ పిల్లాడు. తల్లిదండ్రులు ట్రపీజ్ ఆటగాళ్లు, అంటే మొదటి రాబిన్ డిక్ గ్రేసన్‌కి జిరాక్స్ కాపీ. డీసీ చరిత్రనే తిరగరాసిన ఆ 'క్రైసిస్' అయ్యాక బ్యాట్‌మ్యాన్ 408లో అదే పేరుతో వేరే పిల్లాడు: బ్యాట్‌మొబైల్ టైర్లు ఊడదీసి అమ్ముకునే వీధి కుర్రాడు. పాత జేసన్‌కి ఏమైందో ఏ పాత్రా అడగదు, అడగడానికి వాళ్లకి గుర్తుండదు. 1988లో ఈ రెండోవాణ్ణి బతికించాలా చంపాలా అని ఫోన్ ఓట్లు పెట్టారు: చంపమని 5,343, వద్దని 5,271. తేడా 72 ఓట్లు. తర్వాత వాణ్ణి బతికించడానికి చెప్పిన కారణం మరీ ఘోరం: ఇంకో విశ్వంలోంచి వచ్చిన సూపర్‌బాయ్ ప్రైమ్ వాస్తవం గోడని గుద్దితే ఆ అదురుకి చచ్చినవాడు లేచాడట. చెరిపిన చోట అతుకు వేయడానికి ఇంత గింజుకోవాలి.

రీబూట్ (కథని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం) ఎప్పుడు కుదరదో కూడా చెప్పుకోవాలి. సగం తుడిచి సగం ఉంచినప్పుడు. న్యూ 52లో సూపర్‌మ్యాన్ మొదటికొచ్చాడు, బ్యాట్‌మ్యాన్, గ్రీన్ లాంటర్న్ చరిత్ర మాత్రం దాదాపు అలాగే ఉంచారు. పైగా హీరోలు బయటికొచ్చి ఐదేళ్లే అన్నారు. ఐదేళ్లలో డిక్, జేసన్, టిమ్, డేమియన్ నలుగురూ రాబిన్లు కావాలి, డేమియన్‌కేమో పదేళ్లు! లెక్క కుదరక టిమ్ ఎప్పుడూ రాబిన్ కాదని, మొదటి నుంచీ రెడ్ రాబినే అని సర్దారు. 1986లోనూ ఇదే తప్పు చేశారు. జాన్ బర్న్ 'మ్యాన్ ఆఫ్ స్టీల్'లో క్లార్క్ ఎప్పుడూ సూపర్‌బాయ్ కాలేదు. మరి సూపర్‌బాయ్‌ని చూసి పుట్టిన భవిష్యత్తు హీరోల జట్టు లీజియన్ ఆఫ్ సూపర్‌హీరోస్ మాటేమిటి? వాళ్లకోసం ఒక పాకెట్ విశ్వం (చిన్న విడి విశ్వం) పుట్టించాల్సొచ్చింది.

కొత్త రీబూట్ ప్రకటించగానే చూడాల్సింది: అన్ని పుస్తకాలూ ఒకేసారి మొదటికొస్తున్నాయా? సగమే వస్తుంటే రెండు మూడేళ్లలో అతుకులు మొదలవుతాయి, ఐదేళ్లకల్లా ఇంకో 'మహా సంఘటన' వస్తుంది. 2011 న్యూ 52కి 2016 రీబర్త్ అలా వచ్చిందే.

సంచికల_లెక్క:
మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి. ప్రచురణకర్తకి వినపడేది ఆర్డర్ సంఖ్య. అమెరికా కామిక్ షాపులు సంచికలు ముందే కొంటాయి, మిగిలితే చాలావరకు తిరిగి తీసుకోరు. ఆర్డర్ మార్చుకునే ఆఖరి గడువు సంచిక వచ్చే రోజుకి కొన్ని వారాల ముందే ముగుస్తుంది. మీరు నచ్చలేదని షాపులో వదిలేసిన సంచిక నష్టం షాపువాడిది, ప్రచురణకర్తకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. వద్దనుకుంటే ఆ గడువులోపే షాపువాడు మీ పేరున పక్కనపెట్టే పుల్ లిస్టులోంచి తీయించండి. కావాల్సినదాన్నీ అలాగే ముందే చెప్పి పెట్టించండి. తిట్టడానికని కొనే మొదటి సంచిక కూడా అమ్మకమే. అసలు మొదటి సంచిక లెక్క నమ్మొద్దు, రకరకాల కవర్లతో ఉబ్బించి ఉంటుంది. నాలుగో ఐదో సంచికకి నిలిచిందే ఆ పుస్తకం అసలు బలం.

నంబర్లు చూసి తికమకపడేవాళ్లకి: మార్వెల్ కవర్ మీద చిన్నగా ఎల్‌జీవై అని ఉండేది పాత వరుస సంఖ్య. 2018 అమేజింగ్ స్పైడర్‌మ్యాన్‌కి సంచిక నంబరుకి 801 కలిపితే అది వస్తుంది. 2022 వరుసకైతే 894 కలపాలి. డీసీలో యాక్షన్ కామిక్స్ 904 దగ్గర ఆగింది, న్యూ 52లో 52 సంచికలు, కలిపితే 956. అందుకే 2016లో 957తో మళ్లీ మొదలైంది.

తొలిముద్ర:
ఒక్క మాట, కొట్టకండి. 1938 సూపర్‌మ్యాన్ ఎగరడు, మైలులో ఎనిమిదో వంతు దూకుతాడు. క్రిప్టొనైట్ 1943లో రేడియో నాటకంలోంచి వచ్చింది. హల్క్ మొదటి సంచికలో బూడిద రంగు. ఆ రంగు అచ్చులో ఒక పేజీలో ఒకలా పడుతోందని రెండో సంచికకి పచ్చగా మార్చేశారు. మనం 'అసలు' అనేది కూడా మార్పే.

గట్టర్_గీత:
తొలిముద్ర గారూ, అవి కలిపినవి. ఇక్కడి గొడవ తీసేసినవాటి గురించి. ఎగరడం నేర్చుకున్నంత మాత్రాన అంతకుముందు దూకిన దూకుళ్లు అబద్ధం కాలేదు కదా.

పాత_కేప్:
రెండో ప్రశ్న మిగిలిపోయింది. 1987-2007 స్పైడర్‌మ్యాన్ ఇప్పుడు 'జరిగిందా' 'జరగలేదా'?

ఇంకుమరక:
జరిగింది. 2010లో అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 638 నుంచి 641 దాకా సంచికల్లో తేల్చారు: పెళ్లిరోజు పీటర్ ఒక దొంగతో తలపడి స్పృహ తప్పాడు, ముహూర్తం దాటిపోయింది. ఇద్దరూ పెళ్లి లేకుండా కలిసే ఉన్నారు. కాబట్టి ఆ ఇరవై ఏళ్ల సంచికల్లో 'నా భార్య' అన్నచోటల్లా తాళి ఒక్కటీ తీసేసి చదివితే మిగతాదంతా చెల్లుతుంది. పెళ్లైన పీటరే కావాలంటే 544కి ముందే పుస్తకం మూసేయండి, 'వన్ మోర్ డే' నాలుగు భాగాల్లో మొదటిది అదే.

సూపర్‌మ్యాన్‌కి అంత కష్టం లేదు. పెళ్లైన పాత సూపర్‌మ్యాన్‌ని 2015లో కొడుకు జాన్‌తో సహా తెచ్చారు, 2017 'సూపర్‌మ్యాన్ రీబార్న్'లో రెండు చరిత్రలూ కలిపేశారు. మీ 1996 పెళ్లి మళ్లీ లెక్కలోకొచ్చింది. ఎర్ర చెడ్డీ 2018లో, యాక్షన్ కామిక్స్ 1000వ సంచికలో వచ్చేసింది.