యేసు "దేవుని కుమారుడు" ఎప్పుడయ్యాడు? పునరుత్థానంలోనా, సృష్టికి ముందేనా?

చరిత్ర_పిచ్చోడు:
ఈ బిరుదు యూదులకు కొత్తేమీ కాదు. నిర్గమకాండం 4:22లో ఇశ్రాయేలు జాతి మొత్తం దేవుడి జ్యేష్ఠపుత్రుడు. 2 సమూయేలు 7:14లో దావీదు వంశపు రాజు కుమారుడు, పైగా తప్పు చేస్తే దెబ్బలు తప్పవని అదే వచనం చెబుతుంది. యోబు మొదటి అధ్యాయంలో దేవదూతలు. వీళ్లెవరూ దేవుడితో సమానం కారు. కాబట్టి తొలి శిష్యుల నోట ఈ మాటకి అర్థం అభిషిక్తుడైన రాజు, అంతే.

పైగా వరస చూడండి. రోమా 1:4లో కుమారత్వం పునరుత్థానంతో ముడిపడింది. మార్కులో బాప్తిస్మం దగ్గర ఆకాశం నుంచి స్వరం. లూకా 1:35లో గర్భధారణ. యోహానులో సృష్టికి ముందే. కాలం గడిచేకొద్దీ తేదీ వెనక్కి జరుగుతూ పోయింది.

సండేస్కూల్_టీచర్:
తమ్ముడూ, మెట్లు ముచ్చటగా కట్టావు గానీ ఏ పుస్తకం ముందు రాశారో చూసుకోలేదు. పౌలు పత్రికలు 50ల నాటివి, మార్కు సువార్త దాదాపు 70 నాటిది. ఆ పౌలే ఫిలిప్పీ 2లో ఏమంటున్నాడు? దేవుని స్వరూపంలో ఉన్నవాడు తన్ను తాను రిక్తునిగా చేసుకుని మనిషిగా వచ్చాడని. 1 కొరింథీ 8:6లో సమస్తం ఆయన ద్వారానే కలిగిందని. నీ పై మెట్టు అందరికంటే ముందు రాసినవాడి దగ్గరే ఉంది కదా!

పల్నాడు_చదువరి:
ఇద్దరికీ ఒక చిక్కు. రోమా 1:3-4, ఫిలిప్పీ 2:6-11, రెండూ పౌలుకి ముందే సంఘాల్లో వాడుకలో ఉన్న మాటలని చాలామంది పండితుల అంచనా. అదే నిజమైతే, యేసు చనిపోయిన ఇరవై, ముప్పై ఏళ్లలోనే రెండు రకాల మాటలూ పక్కపక్కనే నడిచాయి. ఒకటి పోయి ఇంకొకటి రాలేదు. పాత మాట పోలేదనడానికి బెజా అనే ప్రాచీన బైబిలు రాతప్రతిలో లూకా 3:22 తీసి చూడండి. బాప్తిస్మం దగ్గర స్వరం కీర్తన 2:7నే పలుకుతుంది: "నీవు నా కుమారుడవు, నేడు నిన్ను కనియున్నాను." రెండో శతాబ్దం చివర్లో కూడా రోములో థియోడోటస్ అనే బోధకుడు యేసు మామూలు మనిషేనని చెప్పి సంఘం చేత వెలి వేయించుకున్నాడు.

నాణేల_నాయుడు:
రోము సంగతి ఎవరూ ఎత్తరేంటి? రోమా చక్రవర్తి తిబెరి వెండి నాణెం దేనారం మీద అతను "దివ్య అగస్టస్ కుమారుడు" అని ముద్ర. రోజూ ఆ నాణెం చేత్తో పట్టుకునేవాళ్లకి మార్కు 15:39లో సిలువ దగ్గర రోమా శతాధిపతి నోట "దేవుని కుమారుడు" అన్న మాట ఎలా వినిపించి ఉంటుంది?

పల్నాడు_చదువరి:
వినేవాళ్ల వరకు సరే. కానీ బిరుదు పుట్టడానికి రోము అక్కర్లేదు. మృతసముద్రం దగ్గర కుమ్రానులో దొరికిన పాత యూదు రాతప్రతుల్లో 4క్యూ246 అనే అరమాయిక్ ముక్కలో "దేవుని కుమారుడు", "సర్వోన్నతుని కుమారుడు" రెండూ ఉన్నాయి, లూకా 1:32, 35లో ఉన్నట్టే. అది మెస్సీయ గురించా, దుష్టరాజు గురించా అన్న గొడవ ఇంకా తేలలేదనుకోండి.

చరిత్ర_పిచ్చోడు:
టీచరక్కా, సృష్టికి ముందే ఉన్నాడంటే దేవుడితో సమానమని తేలిపోతుందా? అలెగ్జాండ్రియాలో ఫిలో అనే యూదుడు దేవుడి వాక్కైన లోగోస్‌ని దేవుడి మొదటి కుమారుడన్నాడు, రెండో యెహోవాని చేయలేదు. కుమారుడు సృష్టే అని వాదించిన ఏరియస్ కూడా ఆయన లోకానికి ముందే ఉన్నాడనే అన్నాడు. 325లో నికయలో జరిగిన బిషప్పుల సభలో తగువంతా ఆ ముందే ఉన్నవాడు తండ్రితో ఒకే తత్వమా, సృష్టా అని. ఫిలిప్పీ 2 ఒక్కటే చాలేటట్టయితే మూడు శతాబ్దాల తర్వాత బిషప్పులకి ఆ తలనొప్పి ఎందుకు?

సండేస్కూల్_టీచర్:
ఆ అధ్యాయంలోనే ఇంకో నాలుగు వచనాలు చదవవలసింది. ప్రతి మోకాలూ వంగునని, ప్రతి నాలుకా ఒప్పుకొనునని యెషయా 45:23లో యెహోవా తన గురించి చెప్పుకున్న మాట. దాన్ని తెచ్చి యేసుకి పెట్టారు. ఫిలో తన లోగోస్ ముందు ఎవరినీ మోకరించమనలేదు. దావీదు వంశపు రాజుకీ యూదులు ఆ వచనం వాడలేదు. దీనికి జవాబు చెప్పు, ఏరియస్ సంగతి తర్వాత చూద్దాం.