చదును నేల మీద ఒకే వేగంతో నడిచినా అలసట ఎందుకు? శక్తి ఎక్కడికి పోతోంది?

ప్రశ్న (మొదటి_ఏడాది):
బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. పాదంతో నేలను వెనక్కి నెడితే ఘర్షణ మనల్ని ముందుకు నెడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. బానే ఉంది. కానీ ఆనించిన పాదం జారదు కదా, కదలని బిందువు మీద పనిచేసే బలం చేసే పని సున్నా. ఒకే వేగంతో పోతున్నాం కాబట్టి గతిజ శక్తి మారదు. చదును నేల కాబట్టి ఎత్తూ మారదు. లెక్క ప్రకారం ఖర్చేమీ ఉండకూడదు. మరి గంటసేపు నడిస్తే ఒళ్లు చెమటలు పడుతుందెందుకు? "కండరాలు పని చేస్తాయి" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, దయచేసి.

ఫిజిక్స్_మాస్టారు:
ఘర్షణ పని చేయదన్నది నిజమే. అది ద్రవ్యవేగాన్ని మారుస్తుంది, శక్తిని ఇవ్వదు. ఇంకో సంగతి కూడా గమనించండి. మడమ ఆనగానే నేల మనల్ని వెనక్కి తోస్తుంది, మునివేళ్లతో వదిలేటప్పుడు ముందుకి తోస్తుంది. సమవేగంతో నడుస్తుంటే ఈ రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. కాబట్టి "ఘర్షణే నడిపిస్తుంది" అనే మాట సగమే నిజం. శక్తి కండరాల నుంచే వస్తుంది. అది ఎక్కడ పోతుందన్నది మీరు సరిగ్గానే అడిగారు. దానికి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

కృత్రిమ_పాదం:
మోకాలి కింద కాలు తీసేసినవాళ్లకు కృత్రిమ కాళ్లు అమర్చడం నా వృత్తి. రోజంతా నేను చూసేది నడకే.

"ఎత్తు మారదు" అన్నారు చూడండి, లెక్క తప్పింది అక్కడే. ఎవరైనా నడుస్తుంటే పక్కనుంచి వాళ్ల నడుమును గమనించండి. ప్రతి అడుగుకీ నాలుగైదు సెంటీమీటర్లు లేచి దిగుతుంది. ఆనిన కాలు నిటారుగా ఉన్నప్పుడు శరీరం అన్నిటికంటే ఎత్తులో ఉంటుంది, వేగం అప్పుడే తక్కువ. రెండు పాదాలూ నేల మీద ఉన్నప్పుడు ఎత్తు తక్కువ, వేగం ఎక్కువ. అంటే ఇది తలకిందులుగా నిలబెట్టిన లోలకం. స్థితిజ శక్తి గతిజ శక్తిగా, అది మళ్లీ స్థితిజ శక్తిగా మారుతూ ఉంటుంది. ఇటలీకి చెందిన జొవాన్నీ కవాన్యా బృందం నేలలో బలాన్ని కొలిచే పలకలు అమర్చి దీన్ని లెక్కకట్టింది. మామూలు వేగంలో ఇలా తిరిగి చేతికొచ్చేది 60 నుంచి 65 శాతం దాకా ఉంటుంది.

మిగతాది పోయేది ముఖ్యంగా ఒక లోలకం నుంచి ఇంకో లోలకానికి మారేచోట. బండి చక్రానికి చుట్టూ ఉన్న కమ్మి తీసేసి ఒట్టి ఆకుల మీద దొర్లించారనుకోండి. ఒక్కో ఆకు నేలకు తగిలినప్పుడల్లా చక్రం కుదుపు తిని వేగం పోగొట్టుకుంటుంది. మన కాళ్లూ అంతే. ఒక కాలి మీద వంపు తిరిగి కిందికి వస్తున్న శరీరం, మడమ తగలగానే కొత్త కాలి వంపు వెంట పైకి మళ్లాలి. కొత్త కాలి నిడివి వెంట ఉన్న వేగమంతా అక్కడే ఆగిపోతుంది.

ఎంత పోతుందో మీరే లెక్క వేయొచ్చు. పాదాల్లేని కర్రకాళ్లు అనుకోండి. కాలు 90 సెంటీమీటర్లు, అడుగు 70 సెంటీమీటర్లు అయితే రెండు కాళ్ల మధ్య కోణం సుమారు 46 డిగ్రీలు. ఆ కోణం సైన్ విలువకు వర్గం కడితే దాదాపు 0.52. అంటే ప్రతి అడుగుకీ గతిజ శక్తిలో సగం గల్లంతు!

నిజం నడకలో అంత నష్టం ఉండదు, అది పాదం గొప్పతనం. మడమ నుంచి వేళ్ల దాకా పాదం దొర్లడం వల్ల కుదుపు తగ్గుతుంది. అంతకంటే ముఖ్యమైనది వెనక కాలి చీలమండ. ముందు మడమ నేలకు తగలబోయే ముందే పిక్క కండరం వెనక కాలితో నేలను నెడుతుంది. దాంతో శరీరం దిశ ముందే కొంత పైకి మళ్లి, కుదుపు తగ్గుతుంది. మీరు వెతుకుతున్న ఖర్చులో పెద్ద భాగం ఇదే.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇది చెవికి తెలుస్తుంది. కృత్రిమ పాదం వైపు ఆ నెట్టుడు చాలదు. అందుకని తర్వాత పడే మంచి కాలు నేలను గట్టిగా కొడుతుంది. పట్టుకుని నడవడానికి పెట్టిన రెండు కమ్మీల మధ్య ఒకరు నడుస్తుంటే నేను కళ్లు మూసుకుని వింటాను. ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు "ధబ్"మని. అప్పుడు అలెన్ కీతో పాదం పైనున్న మరలు కాస్త తిప్పి, పాదం వంపు ఒక డిగ్రీ మార్చి, మళ్లీ నడిపిస్తాను. మార్పు ఒక్క డిగ్రీయే అయినా నడిచే మనిషి ముఖంలో తెలిసిపోతుంది.

మొదటి_ఏడాది:
చాలా బాగా చెప్పారండీ, ఆ 0.52 నేనూ వేసి చూసుకున్నాను. అలాగైతే చిన్న చిన్న అడుగులు వేస్తే కోణం తగ్గి నష్టం పోతుంది కదా? మరి మనం అలా ఎందుకు నడవం?

ఫిజిక్స్_మాస్టారు:
ఎందుకంటే అదే వేగం నిలబెట్టాలంటే కాళ్లను త్వరత్వరగా ఊపాలి. గాల్లో ఉన్న కాలు లోలకంలా దానంతటదే ఊగుతుందని జర్మన్ శాస్త్రవేత్తలు వెబర్ సోదరులు 1836లోనే అన్నారు. 90 సెంటీమీటర్ల కర్రను తుంటి దగ్గర వేలాడదీస్తే ఒక వైపు ఊపుకి 0.78 సెకను పడుతుంది. మనం నడిచేటప్పుడు కాలు గాల్లో ఉండేది సుమారు 0.4 సెకనే. మోకాలు మడవడం వల్ల కొంత కలిసొస్తుంది, మిగతాది తుంటి కండరాలు లాగాలి. అడుగు పెద్దదైతే కుదుపు ఖర్చు, చిన్నదైతే ఊపు ఖర్చు. ఈ రెండింటి మధ్య అందరికీ హాయిగా ఉండే వేగం సెకనుకు 1.3 మీటర్ల దగ్గర తేలుతుంది.

నడక వేగానికి పై హద్దు కూడా ఉంది. శరీరం వంపు తిరగడానికి కావలసిన అభికేంద్ర త్వరణాన్ని (వంపు కేంద్రమైన పాదం వైపు ఉండే త్వరణాన్ని) గురుత్వమే ఇవ్వాలి. 90 సెంటీమీటర్ల కాలికి సెకనుకు 3 మీటర్లు దాటితే పాదం నేల మీద నిలవదు. నిజానికి 2 మీటర్ల దగ్గరే మనం పరుగు అందుకుంటాం. చంద్రుడి మీద గురుత్వం ఆరో వంతే కాబట్టి ఈ హద్దులు బాగా కిందికి దిగుతాయి. వ్యోమగాములు గెంతుతూ పోయింది అందుకే.

చేతులూపేవాణ్ణి:
చేతుల్ని మరిచిపోయారు. నడుస్తూ చేతులు ఊగకుండా మనమే ఆపి ఉంచితే శక్తి ఖర్చు 12 శాతం పెరుగుతుందని 2009లో కొలిచారు. కాళ్లు శరీరాన్ని ఒక వైపు తిప్పబోతే చేతులు దానికి ఎదురు తిప్పుతాయి.

కృత్రిమ పాదం గారూ, స్ప్రింగులా పనిచేసే కార్బన్ ఫైబర్ పాదాలు ఉన్నాయి కదా, వాటితో ఆ నెట్టుడు రాదా?

కృత్రిమ_పాదం:
కొంత వస్తుందండీ. అవి బరువు పడ్డప్పుడు వంగి, దాచుకున్నది వదిలేటప్పుడు తిరిగి ఇస్తాయి. కానీ దాచుకున్నదానికి మించి ఇవ్వలేవు, పిక్క మాత్రం కొత్తగా శక్తిని కలుపుతుంది. మోటారు పెట్టిన చీలమండలు ఆ లోటు తీర్చగలవు. వాటిలోనూ క్షణం కుదరాలి. ముందు మడమ తగిలాక నెడితే కుదుపు అప్పటికే అయిపోయి ఉంటుంది, ఆ నెట్టుడులో చాలా భాగం వృథా. అందుకే అమర్చేటప్పుడు నేను బలం కంటే ముందు ఆ వేళనే సరిచూస్తాను.