చుక్కాని తిప్పితే రిసీవర్ ఆరిపోతోంది: బ్రష్‌లెస్ సర్వో తప్పేనా?

కాలువగట్టు:
రిమోట్‌తో నడిపే 90 సెం.మీ. లాంచీ మోడలండి. చుక్కానికి పాత సర్వో (చుక్కాని తిప్పే చిన్న మోటారు పెట్టె) తీసేసి 20 కిలోల టార్క్ (తిప్పే బలం) ఉన్న హైవోల్టేజ్ బ్రష్‌లెస్ వేశాను. రిసీవర్‌కీ (రిమోట్ సిగ్నల్ అందుకునే పెట్టె) సర్వోకీ కరెంటు ఈఎస్సీలోని (లాంచీ మోటారు వేగం మార్చే బోర్డు) బీఈసీదే (బ్యాటరీ వోల్టేజ్ తగ్గించి ఇచ్చే భాగం): 5 వోల్టులు, 3 ఆంపియర్లు. చుక్కాని ఒక్కసారిగా చివరిదాకా తిప్పితే రిసీవర్ లైటు ఆరి మళ్ళీ వెలుగుతోంది. నడిమధ్యలో ఉన్నా సర్వో జుమ్మంటోంది. కాలువలకి నీళ్ళు కట్టేశారు కదా, ప్రస్తుతం యానాం దగ్గర గౌతమిలో వదులుతున్నాను. సర్వో మార్చెయ్యాలా?

చుక్కానిపిడి:
మార్చొద్దండి, దానికి తిండి చాలట్లేదంతే. అంత పెద్ద సర్వో బిగుసుకుంటే 4, 5 ఆంపియర్లు లాగెయ్యొచ్చు. వోల్టేజ్ పడిపోయి రిసీవర్ రీసెట్ అవుతుంది. సర్వోకి విడిగా 7.4 వోల్టులు, 8 ఆంపియర్ల బీఈసీ పెట్టండి. సర్వో ప్లగ్గులో ప్లాస్టిక్ నాలుకని గుండుసూదితో కాస్త లేపితే ఎర్ర తీగ పిన్నుతో సహా బయటికొస్తుంది. ఎర్ర తీగ కొత్త బీఈసీకి వెళ్ళాలి. సిగ్నల్, నల్ల తీగ రిసీవర్‌లోనే ఉంచి, బీఈసీ నల్ల తీగని కూడా ఆ నల్ల తీగకే కలపండి. గ్రౌండ్ కలవకపోతే సర్వో పిచ్చిపట్టినట్టు ఊగుతుంది. కెపాసిటర్ పెడితే చాలంటారు కొందరు; అది పైపూత.

జుమ్మనడం వేరే సంగతి. సర్వోని చుక్కానికి కలిపే పుష్‌రాడ్ ఊడదీసి చూడండి. శబ్దం ఆగితే లింకేజీ (రాడ్డు నుంచి చుక్కాని దాకా ఉన్న అమరిక) బిగుసుగా ఉన్నట్టు. ఆగకపోతే డెడ్‌బ్యాండ్ (సర్వో పట్టించుకోకుండా వదిలేసే చిన్న తేడా) మరీ సన్నం. ప్రోగ్రామింగ్ సౌకర్యం ఉంటే కొంచెం పెంచండి.

సరంగు:
అసలు ఈ లాంచీకి 6 కిలోల టార్క్ చాలండి, ఆయ్. బ్రష్‌లెస్‌లో అరిగే బ్రష్షులే ఉండవు గానీ, బిగుసుకుంటే వేడి మామూలే. గుర్రపుడెక్క వేళ్ళు చుక్కానికి చుట్టుకున్నాయంటే సర్వో లోపలి డ్రైవర్ బోర్డు మాడిపోవచ్చు. సర్వో సేవర్ (చుక్కాని బిగుసుకుంటే ఆ ఒత్తిడి సర్వో మీద పడకుండా స్ప్రింగుతో ఆపేది) వెయ్యండి. ట్రాన్స్‌మిటర్‌లో (చేతిలోని రిమోట్) ఎండ్ పాయింట్లు, అంటే చుక్కాని తిరిగే చివరి హద్దులు, అటూ ఇటూ 35 డిగ్రీలకి కుదించండి. అంతకు మించితే చుక్కాని తిప్పడం మానేసి బ్రేకులా పనిచేస్తుంది.

పోటు నీళ్ళు ఉప్పు. వాటర్‌ప్రూఫ్ అని రాసున్నా సర్వో షాఫ్టు దగ్గర రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు రాయండి. ఇంటికి రాగానే మంచినీళ్ళతో తుడవండి.

కాలువగట్టు:
రాడ్డు తీస్తే చప్పుడు లేదండి. చుక్కాని చేత్తో తిప్పినా ఎడమవైపు పట్టేస్తోంది.

చుక్కానిపిడి:
చుక్కాని షాఫ్టు వంగి ఉండొచ్చు. గాజుపలక మీద దొర్లించండి, కింద వెలుతురు కనబడితే మార్చెయ్యండి. వేలితో తోస్తే తిరిగేదాకా సర్వో బిగించకండి.