12 విక్టోరియా గ్రహశకలం పేరు వివాదం: పాత పత్రికలు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం. అంగారకుడికి, గురుడికి మధ్య తిరిగే గ్రహశకలాల పేర్ల మీద పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. 12 విక్టోరియా దగ్గరికి వచ్చేసరికి కలం ముందుకు సాగడం లేదు.

దీన్ని 1850 సెప్టెంబరు 13న లండన్‌లో జాన్ రసెల్ హైండ్ కనుగొన్నారు. పెట్టింది రోమన్ల విజయదేవత పేరు. గుర్తుగా ఒక నక్షత్రం, దాని మీద లారెల్ కొమ్మ. అయితే అప్పుడు బ్రిటన్‌ను ఏలుతున్నది విక్టోరియా రాణి! బతికున్న పాలకుల పేర్లు ఆకాశానికి ఎక్కించడమేమిటని అమెరికా ఖగోళవేత్తలు కొందరు అభ్యంతరం చెప్పారు. అమెరికా ఖగోళశాస్త్ర పత్రిక ఆస్ట్రనామికల్ జర్నల్ సంపాదకుడు బెంజమిన్ గౌల్డ్ అయితే విక్టోరియాకు బదులు గ్రీకుల చరిత్ర దేవత ‘క్లియో’ పేరే వాడారు. హార్వర్డ్‌కు చెందిన ఖగోళవేత్త విలియం బాండ్ మాత్రం, అది దేవత పేరే కాబట్టి పురాణాల పేర్లే పెట్టాలన్న నియమం తప్పలేదన్నారు. చివరికి ఆ మాటే నెగ్గింది. 1865లో రాబర్ట్ లూథర్ కనుగొన్న 84వ గ్రహశకలానికి క్లియో పేరు దక్కింది.

నాకూ బాండ్ వాదనే సబబుగా తోస్తుంది. అయినా గౌల్డ్ పక్షాన్ని కూడా వాళ్ల మాటల్లోనే పిల్లలకు వినిపించాలని నా పట్టుదల.

1850ల నాటి ఆ జర్నల్ సంచికల స్కాన్ ప్రతులు ఉచితంగా ఎక్కడ చదవవచ్చు? గౌల్డ్ క్లియోను వదిలి విక్టోరియాకు మారారా, మారితే ఏ సంచికలో? హైండ్ తన ఎంపికను సమర్థించుకుంటూ రాసిన ఉత్తరాలు ఎవరైనా చూశారా? సంచిక, పుట సంఖ్యలతో చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.