ఉపోద్ఘాతమా, పీఠికా, ముందుమాటా?

తణుకు అమ్మాయి:
మా నాన్నగారు నోటుబుక్కులో రాసిపెట్టుకున్న శతకాన్ని ఆయన రెండో సంవత్సరీకానికి 200 కాపీలు వేయిస్తున్నాం. ఆయన గురించి నేను రెండు పేజీలు రాశాను. డీటీపీ చేసినతను వాటి మీద ‘ఉపోద్గాతం’ అని పెట్టాడు. మావయ్యేమో ‘పీఠిక’ అనాలంటున్నారు. ఏది సరైనది? ఇంకో సందేహం. శతకానికి ముందు ఆరు పద్యాలున్నాయి, వినాయకుడి మీద, పోతన మీద, మా తాతగారి మీద. వాటిలో మకుటం లేదు. చివర్లో వేసేయమంటారా?

పాత తెలుగు మాస్టారు:
అమ్మా, ముందు అక్షరం దిద్దించండి. ‘గా’ కాదు, ‘ఘా’. ఆఘాతం, సంఘాతంలో ఉన్న ఘాతమే ఇదీ. ఉప, ఉద్ అనే ఉపసర్గలు చేరి ఉపోద్ఘాతమైంది.

అమరకోశంలో ‘ఉపన్యాసస్తు వాఙ్ముఖమ్’ అన్న వెంటనే ‘ఉపోద్ఘాత ఉదాహారః’ అని వస్తుంది. వాఙ్ముఖం అంటే మాటకు ముఖం, ఎత్తుగడ. అప్పటి ఉపన్యాసం అదన్నమాట! ఇవాళ గంటసేపు మాట్లాడేదంతా ఉపన్యాసమే అయింది, ఎత్తుకునే పని ఉపోద్ఘాతానికి మిగిలింది. అందుకే ఇంట్లో ‘ఉపోద్ఘాతం ఆపి అసలు సంగతి చెప్పు’ అంటాం. చెప్పబోయే విషయానికి దారి తీసేది అది.

పీఠిక బరువైన మాట. కవి కాలం, ఛందస్సు, ప్రతుల్లో తేడాలు పరిశీలించి రాస్తే ఆ పేరు నప్పుతుంది. కూతురు నాన్నను తలుచుకున్న పేజీలకు ‘ముందుమాట’ చాలు.

ఇక ఆ ఆరు పద్యాలు దయచేసి కదపకండి. అది అవతారిక! ఇష్టదేవతను ప్రార్థించి, పూర్వకవికి నమస్కరించి, వంశం చెప్పుకుని కావ్యంలోకి దిగడం మన కవుల పద్ధతి. భారతాన్ని తెనిగించమని రాజరాజనరేంద్రుడు అడిగిన సంగతి నన్నయ చెప్పిందీ అవతారికలోనే. ముందుమాట ఎవరైనా రాయొచ్చు. అవతారిక కవి సొంతం, కావ్యంలో భాగం. మీ నాన్నగారు తెలిసే రాశారు.

ఓరుగల్లు టీచర్:
మా తెలుగు వాచకాల్లో పాఠానికి ముందు ‘ప్రవేశిక’ ఉంటుంది. ఒకరు రాసినదాంట్లోకి పిల్లల్ని చేయిపట్టి తీసుకెళ్లేది. మీ పేజీలకు అదీ బాగుంటుందక్కా.

తణుకు అమ్మాయి:
మాస్టారూ, మీరు చెప్పాక ఆ పద్యాలు మళ్ళీ చదివాను. ఆరోదాంట్లో తాతగారి పేరు పక్కనే మా నాయనమ్మ పేరూ ఉంది. యతి కోసం వేసిన మాట అనుకుని ఇన్నాళ్లూ దాటేశాను. ఇప్పుడే డీటీపీ అతనికి ఫోన్ చేశాను. పద్యాలు నాన్నగారు పెట్టిన చోటే ఉంటాయి, పైన ‘అవతారిక’ అని. నా రెండు పేజీలకు ‘ముందుమాట’.