డౌన్ పేమెంట్ కోసం రెండేళ్లు అమ్మానాన్నల దగ్గరికి వెళ్లిపోవచ్చా?

సఖినేటిపల్లి కుర్రాడు:
నాది భీమవరంలో ఉద్యోగం. ఇంటద్దె 11 వేలు. 45 లక్షల ఫ్లాట్ ఒకటి చూశాం. బ్యాంకు 80 శాతం, అంటే 36 లక్షలు ఇస్తుంది. మిగతా 9 లక్షలు మనవే. దాని మీద రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం, అంటే ఇంకో 3 లక్షల 37 వేలు. నా దగ్గర ఉన్నది ఏడున్నర లక్షలు. ఇప్పుడు దాస్తున్నట్టు నెలకి 10 వేలైతే ఇంకా నాలుగేళ్లు. సఖినేటిపల్లిలో అమ్మానాన్నల దగ్గర ఉంటే అద్దె కూడా మిగిలి రెండేళ్లలో తేలిపోతుంది. పంటు మీద, అంటే పెద్ద పడవ మీద గోదావరి దాటితే నరసాపురం, అక్కడి నుంచి రైలు. మా ఆవిడ మాత్రం వద్దంటోంది. మీరేమంటారు?

పాలకొల్లు కోడలు:
ఆవిడ మాట వినండి అన్నయ్యగారూ. మేమూ రెండేళ్లని అత్తగారింటికి వెళ్లాం. మొదటి ఏడాది రెండు లక్షలు పోగేశాం కూడా. ఆ చలికాలం మామయ్యగారి రొయ్యల చెరువుకి వైట్ స్పాట్ తెగులు తగిలింది. తెల్లారేసరికి గట్టు పొడుగునా చచ్చిన రొయ్యలే. ఆయన ఏమీ అడగలేదు. అరుగు మీద కూర్చున్నారు, కాఫీ చల్లారిపోయినా ముట్టుకోలేదు. సాయంత్రానికి మా ఆయన ఎఫ్‌డీ తీయించేశారు. తప్పని అనను, కన్నతండ్రి. కానీ ఆ ఇంట్లో అన్నం తింటూ లేదని ఎలా అంటాం? రెండేళ్లు కాస్తా ఐదేళ్లయింది. నరసాపురంలోనే అద్దెకి చిన్న వాటా చూసుకోండి.

రిటైర్డ్ మాస్టారు, రాజోలు:
అమ్మా, మీ బాధ నిజమే. అయితే మీ డబ్బు పోయింది కలిసున్నందుకు కాదు, చెరువు పోయినందుకు. వేరే ఉన్నా ఇచ్చేవారే. మా అబ్బాయి మూడేళ్లు మా దగ్గరుండే ఇల్లు కొనుక్కున్నాడు.

బాబూ, మీరు ఒకటి మరిచారు. మీరు పొద్దున్నే రైలు అందుకోవాలంటే అమ్మగారు ఎన్నింటికి లేవాలి? మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో నాలుగున్నరకే లేచి వాడికి క్యారేజీ కట్టేది. ఆర్నెల్లకి గాని నాకు తట్టలేదు. అప్పుడు వంటమనిషిని పెట్టించాను, జీతం వాడే ఇచ్చాడు. వరదల సంగతి కూడా చూసుకోండి. ధవళేశ్వరం దగ్గర నీరు పెరిగితే ఇక్కడ పంటు ఆపేస్తారు. ఆ రోజుల్లో చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి, ఆ ఖర్చు మీ లెక్కలో లేదు.

పాలకొల్లు కోడలు:
వేరే ఉన్నా ఇచ్చేవాళ్లమే మాస్టారూ. కానీ ఎంత ఇవ్వగలమో ఇద్దరం కూర్చుని అనుకునేవాళ్లం. ఆ రోజు నన్నెవరూ అడగలేదు.

సఖినేటిపల్లి కుర్రాడు:
ఇందాక అమ్మకి ఫోన్ చేశాను. రెండేళ్లు వచ్చి ఉంటామంటే, "నువ్వు సరే, అమ్మాయి ఏమంది?" అంది. చెప్పలేకపోయాను. ఫోన్ మా ఆవిడకిచ్చాను. ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.